పిడికెడు కొసరు

కొసరు మామ కుడిచేయి ఆయన మాట వినదు. ఈ సంగతి కార్ఖానాలో అందరికీ తెలుసు, ఒక్క ఆయనకు తప్ప.

ఆయన పని పెట్టెలు కట్టడం. యంత్రాల మీంచి దిగిన బోల్టులు కొలిమిలో కాగి, నూనెలో మునిగి, ఆరి, చివరికి ఆయన బల్ల మీదికి వస్తాయి. అట్టపెట్టె నింపుతాడు, కాటా మీద పెట్టి చూస్తాడు, ముల్లు సరిగ్గా నిలిచాక మూత మడవబోతాడు. సరిగ్గా అప్పుడే ఆ కుడిచేయి పక్కనున్న గంపలోకి జారి, పిడికెడు బోల్టులు పట్టుకొచ్చి పెట్టెలో పోస్తుంది. ఆ క్షణంలో ఆయన కళ్ళు టేపు మీదో, గుమ్మం వైపో, ఎదుటివాడి మొహం మీదో ఉంటాయి. చేయి దారి చేయిది.

ఆ గంపకు కలగూరగంప అని పేరు. ప్రతి సరుకులోనూ చివర మిగిలిన నాలుగు గింజలూ అందులో పడతాయి. ఏ ఇనప తీగతో చేసినవో, ఏ నెలలో చేసినవో ఎవరికీ పట్టదు, కొలత ఒకటైతే చాలు. పెద్ద యజమాని బతికున్న రోజుల్లో పెట్టిన అలవాటు ఇది. "తక్కువైందన్న మాట మన గుమ్మం తొక్కకూడదు. ఎక్కువైందని ఎవడూ తిట్టడు" అనేవాడు ఆయన. పెద్దాయన పోయాడు. చిన్న యజమాని వచ్చి, గోడలకు రంగు మార్చాడు, గేటు మార్చాడు. కొసరును మాత్రం మార్చలేదు. మార్చాలన్నా చేయి వినాలి కదా.

ఆ రోజు మధ్యాహ్నం గేటు లోపల లారీ నిలబడి ఉంది. మామ పొద్దున్నే చివరి పెట్టె కట్టేసి, చేతులు దులుపుకుని, క్యారేజీ విప్పి అన్నం ముందు కూర్చున్నాడు. ఎదురుగా ఆయన బావమరిది. కొలిమి దగ్గర పని, మెడ పొడుగు. అందుకని కార్ఖానా మొత్తం అతన్ని నిప్పుకోడి అంటుంది. మామ ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు. ముద్ద అక్కడే ఆగిపోయింది.

చేతినే చూస్తున్నాడు.

"ఏం బావా, మా అక్క ఉప్పు ఎక్కువేసిందా?" అన్నాడు నిప్పుకోడి.

"ఒరేయ్, పొద్దున నేను పెట్టెలు కడుతుంటే నువ్వు చూశావా?"

"చూడటానికి నువ్వేమైనా కొత్త పెళ్ళికొడుకువా? నా కొలిమి నాకుంది."

"గంపలో చేయి పెట్టానా?"

నిప్పుకోడి నమలడం ఆపాడు. మెడ ఇంకొంచెం పొడుగైంది. "బావా, ఈ సరుకులోనా?"

మామ ముద్దను తిరిగి క్యారేజీలో పెట్టేశాడు.

ఈ సరుకు మామూలు సరుకు కాదు మరి. సముద్రం అవతలి దేశంలో కొత్త పన్ను ఒకటి పుట్టింది. ఇనుము కాచేటప్పుడు ఎంత పొగ లేచిందో, ఆ పొగకు రేవులో పన్ను. బోల్టు చూడటానికి అదే బోల్టు. కానీ దాని వెనక కనపడని పొగ తోకలా వేలాడుతూ ఉంటుందట, ఆ తోకను కొలిచి వసూలు చేస్తారట. కట్టేది అక్కడ సరుకు కొన్నవాడే. కట్టేవాడు ఊరుకుంటాడా? పొట్టి తోక ఉన్న బోల్టు ఎక్కడ దొరికితే అక్కడికి పోతాడు.

ఈ కథంతా మామకు చెప్పింది కూతురే. కాలేజీ చదువు పూర్తిచేసి ఇదే కార్ఖానా ఆఫీసులో కాగితాల పనిలో చేరింది. మొదటిసారి ఆమె ఈ పన్ను గురించి చెప్పినప్పుడు టీ కొట్టు దగ్గర పెద్ద గొడవే అయింది.

"తాతల కాలం నుంచి పొగ ఊదింది వాళ్ళు. రైళ్ళు నడిపారు, ఓడలు నడిపారు, మేడలు కట్టుకున్నారు. చేతులు కాల్చుకుంది వాళ్ళు, ఆకులు తెమ్మంటున్నది మనల్ని!" అని మామ గ్లాసు బల్ల మీద కొట్టాడు.

"వాళ్ళ దేశంలో కొలిమి పెట్టినవాడు ఇప్పటికే పొగకు కడుతున్నాడు నాన్నా. బయట్నుంచి వచ్చే సరుకుని ఊరికే వదిలేస్తే, వాడు ఆ కొలిమి మూసేసి మన పక్కకు తెచ్చి పెడతాడు. పొగ తగ్గదు, చోటు మారుతుంది. అంతేగా?"

"మారనీ. నలుగురికి పని దొరుకుతుంది."

"దొరుకుతుంది. దాంతోపాటు ఎండాకాలం ఇంకా ముదురుతుంది. కాలేది మన చేతులు కూడా. పోయినేడు కొలిమి దగ్గర మావయ్య కళ్ళు తిరిగి పడిపోయింది మర్చిపోయావా?"

"నేను పడింది ఎండకి కాదమ్మా, మీ అత్తయ్య ఫోనుకి" అన్నాడు నిప్పుకోడి. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు.

"ఇన్నాళ్ళూ మనం ప్రతి బోల్టుతోనూ ఇంత పొగ కొసరుగా ఇచ్చాం నాన్నా. ఇప్పుడు ఆ కొసరుకి వెల కట్టారు" అంది కూతురు. అన్నది నవ్వుతూనే గానీ, కొసరు అన్న మాటను పొగ పక్కన పెట్టడం మామకు ఎక్కడో గుచ్చుకుంది. పొగ ఎవడైనా చేతులారా ఇస్తాడా? కొసరు ఇస్తాడు. రెండూ ఒకటెలా అవుతాయి? అడగాలనుకున్నాడు, మాట కూడలేదు. బడి మధ్యలో మానేసినవాడికి ఇదొక శాపం. మనసులో ఉన్నది నోటికొచ్చేసరికి అవతలివాళ్ళు గ్లాసులు పెట్టేసి వెళ్ళిపోతారు.

దారి కనిపెట్టింది కూడా కూతురే. కార్ఖానాకు రెండు రకాల తీగ వస్తుంది. ఒకటి ఖనిజాన్ని బొగ్గుతో కరిగించి తీసింది. రెండోది పాత తుక్కును కరెంటుతో కరిగించి తీసింది. తుక్కు తీగకు పొగ తోక చాలా పొట్టి. భూమిలోంచి కొత్తగా పుట్టిన ఇనుము మైలట, చెత్తకుప్పలోంచి వచ్చింది మడట. కలికాలం అన్నారు కార్ఖానాలో. ఇక నుంచి ఆ దేశానికి పోయే బోల్టులన్నీ తుక్కు తీగతోనే చేద్దామని, కలిసిపోకుండా తల మీద ఒక చుక్క అచ్చు కొట్టిద్దామని ఆమె చెప్పింది. ఆవగింజంత చుక్క. ఆ రోజు నుంచి ఆమె పేరు చుక్కమ్మ అయింది.

"ఒక్క చుక్క లేని బోల్టు కనపడినా మొత్తం సరుకుని నమ్మరు మామా. లోకంలో అందరికంటే ఎక్కువ పొగ వేసేవాడి లెక్క తెచ్చి మన నెత్తిన రుద్దుతారు. కొనేవాడు మళ్ళీ మన మొహం చూడడు. ఆ చుక్కే మనకి చుక్కలు చూపిస్తుంది" అన్నాడు చిన్న యజమాని.

కాగితం మీద సంతకం ఎవరిది? కూతురిది. ఈ పెట్టెల్లో చుక్క లేని బోల్టు ఒక్కటి కూడా లేదని, ఫలానా తీగ, ఫలానా పొగ అని, కింద ఆమె పేరు. ఆ సంతకం ముందురోజు ఇంట్లో పాత పేపరు అంచుల మీద పదే పదే పెట్టి చూసుకోవడం మామ చూశాడు. పెళ్ళి శుభలేఖ మీద కూడా ఎవరూ అంత శ్రద్ధగా పేరు రాయించరు.

పెట్టెలు కట్టేముందు ఆమె వచ్చి ప్రత్యేకంగా చెప్పింది కూడా. "నాన్నా, ఈ సరుకులో బయటి బోల్టు ఒక్కటి పడకూడదు. కొసరు వద్దు. మాటిస్తావా?"

"నాకు చెబుతావా?" అన్నాడు మామ. అదే ఆయన మాటివ్వడం.

ఇప్పుడు మామ క్యారేజీ మూత పెట్టేశాడు.

లేచి బల్ల దగ్గరకు వెళ్ళాడు. గంపలో నాలుగు వేళ్ళు పెట్టి చూస్తే తేలిపోతుంది, నిండుగా ఉంటే వేయలేదు, తరిగితే వేశాడు. బల్ల పక్కన గంప లేదు. నేల మీద గంప అడుగు పడిన గుండ్రటి నూనె మరక మాత్రం ఉంది. ఊడ్చే మనిషిని అడిగితే, "చుక్కమ్మ గారే లోపలి గదిలో పెట్టించి తాళం వేయించారు, పొద్దున మీ పని అవ్వగానే" అంది.

తాళం ఎందుకు? పెట్టెలు కట్టేశాక గంపకు తాళం ఎందుకు? కూతురికి అనుమానం వచ్చిందన్నమాట. వస్తే అడగాలిగా?

పోనీ, గుర్తు తెచ్చుకుందామని బల్ల ముందు నిలబడి, లేని పెట్టెను నింపి, లేని మూత మడిచాడు. చేయి కుడిపక్కకు పోయి, గంప ఉండే చోట గాలిని పిడికిట పట్టుకుని వచ్చింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ పోయింది. చూస్తున్నప్పుడే ఇంత సిగ్గు లేకుండా పోయే చేయి, చూడనప్పుడు ఊరుకుంటుందా?

అక్కడి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. బల్ల దగ్గర నుంచి లారీ దగ్గరికి, లారీ దగ్గర నుంచి టీ కొట్టుకి, కొట్టు నుంచి మళ్ళీ లారీ దగ్గరికి. పెట్టెలు చెక్కపలకల మీద పేర్చి, పట్టీలు బిగించి, పైన పలచటి ప్లాస్టిక్ చుట్టేసి ఉన్నాయి. ఆ ప్లాస్టిక్ మీద చెవి పెడితే ఏమైనా వినపడుతుందేమో అన్నట్టు దగ్గరికి వంగాడు.

"ఏం పెద్దాయనా, పెట్టెలకి ముద్దులు పెడుతున్నారా?" అన్నాడు లారీ డ్రైవరు, క్యాబిన్ మెట్టు మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటూ.

"ఎప్పుడు కదులుతావ్?"

"కాగితాలు చేతికొస్తే ఇప్పుడే. మీ అమ్మాయి గారి సంతకమే ఆలస్యం."

"పట్టీ వదులుగా ఉన్నట్టుంది. విప్పి మళ్ళీ కట్టాలేమో."

డ్రైవరు లేచి వచ్చి, పట్టీని వేలితో మీటాడు. అది తంబూర తీగలా మోగింది. "వదులా? దీని మీద పాట కచేరీ పెట్టొచ్చు. మీకు నిద్ర చాలలేదు, వెళ్ళి ఒక కునుకు తీయండి."

టీ కొట్టు అక్క గ్లాసు నింపింది. మామ సగం తాగి పెట్టేస్తే, అలవాటు ప్రకారం కెటిల్ వంచి ఇంకో గుక్క పోసింది. ఆ కొట్టులో ఎవరు సగం తాగి దించినా అక్క ఒక గుక్క కలుపుతుంది. అడగక్కర్లేదు. అందుకే పక్క వీధిలో అద్దాల కొట్టు వచ్చినా కార్ఖానా వాళ్ళెవరూ అటు పోలేదు.

"ఏంటి తమ్ముడూ, మొహం అలా మాడిపోయింది?"

"ఏం లేదక్కా. ఎక్కువ ఇస్తే తప్పయ్యే రోజులొచ్చాయి."

"ఎవరికిచ్చావు?" అంది అక్క అనుమానంగా. "ఇంట్లో తెలుసా?"

ఆమె ఎక్కడికి పోయిందో అర్థమై మామకు నవ్వు రావాలి. రాలేదు. టీ మీద మీగడ కట్టింది.

వెనకే నిప్పుకోడి వచ్చి పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "బావా, నే చెప్పేది విను. అంత పెద్ద రేవులో ఇన్ని సరుకుల్లో మన పెట్టే తెరుస్తారా? తెరిచినా, మన పిడికెడే చూస్తారా? చూసినా, అద్దం పెట్టి తల మీద చుక్క వెతుకుతారా? నోరు మూసుకుని కూర్చో. పోయేది పోతుంది."

"పట్టుబడితే?"

"పట్టుబడితే యంత్రం తప్పు. అచ్చు అరిగింది, చుక్క పడలేదు అందాం. యంత్రానికి పెళ్ళాం బిడ్డలా?"

ఈ మాట మామకు నచ్చింది. ఒక నిమిషం పాటు నిజంగానే నచ్చింది. అసలు ఆ దేశం వాడికి ఎందుకు భయపడాలి? పిడికెడు బోల్టులు ఊరికే వస్తే కళ్ళకద్దుకోవాల్సింది పోయి, అవి ఏ కడుపున పుట్టాయని కులగోత్రాలు అడుగుతాడా? ఎవడి కొలిమిలో ఎవడు కాగాడని? ఇన్నేళ్ళు తన చేతి మీదుగా పోయిన కొసరంతా వాడి వంతెనల్లో, వాడి పిల్లలు ఊగే ఉయ్యాలల్లో బిగుసుకుని లేదా? అప్పుడు లేని మైల ఇప్పుడెక్కడిది? తెరవనీ. చూడనీ. పన్ను వేసుకోనీ. ఉడుక్కోనీ.

అలా అనుకున్నంతసేపూ బాగుంది. చివర్లో, పాత పేపరు అంచు మీద వంగిన కూతురి తల కనపడింది. రేవులో ఎవడో పెట్టె కోసి, చుక్క లేని బోల్టును రెండు వేళ్ళతో ఎత్తి, కాగితం తిప్పి, కింద ఎవరి పేరుందో చూస్తాడు. అక్కడ కొసరు మామ అని ఉండదు.

గ్లాసు దించి లేచాడు. అప్పుడే గేటు దగ్గర ఇంజను మోగింది.

మామ పరుగెత్తాడు. పరుగెత్తి ఎన్నాళ్ళైందో మోకాళ్ళు చెప్పాయి. లారీ ముందు చేతులు చాచి నిలబడ్డాడు. డ్రైవరు తల బయటపెట్టి, "పెద్దాయనా, చావాలనుంటే వేరే బండి చూసుకోండి, దీనికింకా బాకీలున్నాయి!" అని అరిచాడు.

"ఆపు. కాగితాలు ఇచ్చెయ్. మా అమ్మాయిని పిలు."

పిలవక్కర్లేదు. ఆఫీసు మెట్ల మీద కూతురు, ఆమె వెనక చిన్న యజమాని అప్పటికే నిలబడి చూస్తున్నారు. మామ గబగబా వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. చెప్పాల్సింది పక్కకు పిలిచి చెప్పాలనుకున్నాడు గానీ, ఆయాసంలో అందరి ముందే వచ్చేసింది.

"అమ్మడూ, నేను మాట తప్పాను. కొసరు వేశాను. వేశాననే అనుకుంటున్నా. బండి ఆపించు. పెట్టెలన్నీ విప్పి, ఒక్కొక్కటీ నేనే ఏరతాను. ఇంటికి కూడా రాను, ఏరేదాకా ఇక్కడే ఉంటాను."

కూతురు చిన్న యజమాని వైపు చూసింది. చిన్న యజమాని నేల వైపు చూశాడు.

"బండి వెళ్ళనీ నాన్నా" అంది ఆమె మెల్లగా. "ఏం కాదు."

మామకు ముందు చెవులు సరిగా వినపడలేదనిపించింది. "ఏం కాదా? వేశానని చెబుతుంటే ఏం కాదంటావా?"

"ఏం కాదు. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావే? అబద్ధం కింద నీ పేరు పెట్టి పంపుతావా? దీనికేనా నిన్ను చదివించింది?" గేటు దగ్గర నలుగురు పోగయ్యారు. "నాకు ఆ పన్నంటే మంట. వాళ్ళంటే మంట. అది వేరే సంగతి. కానీ లేదని రాసిన చోట ఉండకూడదు. సార్, మీరైనా చెప్పండి!"

"మామా, బండికి టైమైంది..." అన్నాడు చిన్న యజమాని నసుగుతూ.

ఇంక మామ ఎవరి మాటా వినలేదు. బల్ల మీది కత్తి తెచ్చి, లారీ ఎక్కి, ప్లాస్టిక్ చీల్చి, పట్టీ కోశాడు. అది చురుక్కుమని మణికట్టుకు తగిలింది. పైనున్న పెట్టె దించి, అక్కడే సిమెంటు నేల మీద బోర్లించాడు. బోల్టులు గలగలమని నాలుగు వైపులా పరుగెత్తాయి. మామ మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఒక్కొక్కటే తల తిప్పి చూడసాగాడు. చుక్క. చుక్క. చుక్క. నిప్పుకోడి కూడా పక్కన వంగాడు. డ్రైవరు కూడా ఇంజను ఆపి దిగొచ్చి, ఏం వెతుకుతున్నారో తెలియకుండానే వెతకసాగాడు.

చుక్క లేని బోల్టు ఒక్కటి కూడా దొరకలేదు.

మామ వెనక్కి కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచాడు. మొహం మెల్లగా విచ్చుకుంది. "వేయలేదురా!" అన్నాడు బావమరిదితో. "చూశావా? వేయలేదు. మాటిచ్చానంటే ఇచ్చానంతే. అమ్మడూ, నేను వేయలేదు!"

అక్కడితో ఆగి ఉంటే అయిపోయేది. కూతురు ఊరుకుందామనే అనుకున్నట్టుంది, పెదవి కొరుక్కుంది. కానీ డ్రైవరు ఉన్నాడే, వాడు సాయం చేస్తున్నాననుకుని, పోగుచేసిన బోల్టులను పెట్టెలో పోసి, మోసుకెళ్ళి బల్ల పక్కనున్న కాటా మీద పెట్టాడు. ముల్లు మామూలు గీతను దాటి అవతల నిలబడింది.

"ఎక్కువుందే!" అన్నాడు.

మామ కాటా వైపు చూశాడు. ఇంతకుముందు ఉన్నది బల్ల మీది కాటా ఒక్కటే, మూత మడిచే ముందు దాని మీదే తూచేవాడు. ఈమధ్య ఒక్కటి చాలడం లేదని కూతురే బల్లకు అవతల దీన్ని పెట్టించింది. మూత అంటించాక, ఇంకో మనిషి మళ్ళీ తూచి రాసుకుంటున్నాడు. ఒక్కటి నిజంగా చాలకనే అనుకున్నాడు మామ.

"అమ్మడూ" అన్నాడు.

ఆమె వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. "వేశావు నాన్నా. ప్రతి పెట్టెలోనూ వేశావు."

"మరి చుక్క?"

"గంపలో ఉన్నవన్నీ చుక్కవే. ముందురోజు పాతవి తీయించేసి, చుక్కవి పోయించాను. కొన్ని ఎక్కువ చేయించాం. మావయ్యే కాల్చాడు, ఎందుకో ఆయనకి చెప్పలేదు. నువ్వు చూడకూడదనే గంపకి తాళం."

మామకు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "నీ పిడికిలి ఎంత తూగుతుందో చూద్దాం నాన్నా" అని ఆట పెట్టింది. ఆయన ఛాతీ విరుచుకుని, పిడికిలి మీద పిడికిలి కాటాలో పోశాడు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. నిప్పుకోడి పందెం కాసి టీ పోగొట్టుకున్నాడు. కూతురు ప్రతిసారీ చప్పట్లు కొట్టింది. చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకున్నప్పుడు కొట్టినట్టే కొట్టింది.

"ఎన్ని ఎక్కువ చేయించాలో తెలియాలిగా" అంది ఆమె, ఆయన మొహం చదివి.

"సార్‌కి తెలుసా?"

చిన్న యజమాని గొంతు సవరించుకున్నాడు. జవాబు అదే.

"మాటిచ్చానుగా నీకు" అన్నాడు మామ. "నమ్మలేదా?"

"నిన్ను నమ్మాను నాన్నా. నీ చేతిని నమ్మలేదు."

నిప్పుకోడి ఏదో జోకు వేయబోయి మెడ ముడుచుకున్నాడు.

"మరి తూకం? ఎక్కువుంటే పర్లేదా మీ పన్నుకి?"

"కాగితంలో ఉన్నదీ ఇదే తూకం. నీ పిడికిలితో సహా తూయించి రాశాను. ప్రతి పెట్టెకీ. వాళ్ళది తూకం మీద లెక్క కదా, రాయకుండా పంపితే అదీ తప్పే. దాని పొగ కూడా కలిపే లెక్క కట్టాను. ఎవరూ వేలెత్తి చూపలేరు" అంది. ఆ చివరి మాటలో కొంచెం గర్వం ఉంది. ఉండాల్సిందే. మామ కూతురు మరి.

మామ కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "రాసిన కొసరు కొసరెలా అవుతుందే?" అన్నాడు.

"రాయకపోతే ఎలా నాన్నా? నువ్వే అంటావుగా, ఊరికే వచ్చేదానికి విలువుండదని. పొగ ఊరికే ఉన్నన్నాళ్ళూ ఎవడు తగ్గించాడు?"

"ఊరికే వచ్చేదానికి విలువుండదే. ఊరికే ఇచ్చేదానికి ఉంటుంది. అది వేరు."

ఇన్నాళ్ళకు మాట కూడింది. ఆ రోజు టీ కొట్టు దగ్గర కూడని మాట. కూతురు తల దించి, నేల మీది ప్లాస్టిక్ ముక్కను మడతపెట్టసాగింది. అది చూసి మామకు సంతోషం వేయాలి, వేయలేదు. గెలిచిన చోట నిలబడటానికి నేల లేనట్టుంది.

డ్రైవరు గడియారం చూపించాడు. పెట్టె మళ్ళీ కట్టాలి. మామ లేచి, కాటా మీది పెట్టెను తన బల్ల మీదికి మార్చాడు. మూత మడవబోయే ముందు కుడిచేయి పక్కకు కదిలింది. ఆయన చూస్తుండగానే కదిలి, ఖాళీ నేల మీద నూనె మరక దాకా పోయి, తిరిగొచ్చి తొడకు ఆనుకుంది. మూత మడిచి, టేపు లాగి అంటించాడు. కొత్త పట్టీ బిగించాడు. కూతురు కాగితాలు మరోసారి చూసి డ్రైవరు చేతిలో పెట్టింది. లారీ గేటు దాటి మలుపు తిరిగింది. దాని పొగ కాసేపు గేటు దగ్గర వేలాడి, ఎవరి లెక్కలోనూ పడకుండా పోయింది.

"ఇంటికి పద నాన్నా. పొద్దుట్నుంచి ఏం తినలేదట" అంది కూతురు.

"నువ్వు నడువు, వస్తాను."

"కోపమా?"

"నీ మీద ఎందుకే?" అన్నాడు. నిజమే. ఆమె మీద కాదు. మరి ఎవరి మీదో చెప్పడానికి మనిషి దొరకడం లేదు, అదే బాధ. పిల్లాడికి అందకుండా కత్తిపీట అటక మీద పెట్టినట్టు, తనకు చెప్పకుండా గంప మార్చారు. చెప్పినా తాను మారేవాడు కాదు, అది ఆమెకు తెలుసు. ఆమె ప్రేమతోనే చేసింది. ప్రేమతో చేసిందాన్ని తిట్టడానికి తెలుగులో మాట లేదు.

టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. కాలు ఊపుతూనే ఉన్నాడు, అది కూడా మాట వినడం మానేసినట్టుంది. అక్క అడగకుండానే గ్లాసు పెట్టింది. సగం తాగి దించాడు. కెటిల్ వంగింది, ఇంకో గుక్క పడింది.

మామ ఆ గుక్క వైపు చూశాడు.

"అక్కా, ఇది ఎక్కడైనా రాస్తావా?"

"ఏది?"

"ఇప్పుడు పోశావే, అది."

అక్క చేయి కెటిల్ మీదే ఆగింది. మనిషికి ఎండ దెబ్బేమైనా తగిలిందా అన్నట్టు చూసింది. "గుక్కెడు టీ ఏం రాస్తాం తమ్ముడూ?"

"రాయకు" అన్నాడు మామ. "ఎవరడిగినా రాయకు."

గ్లాసు ఎత్తి, మీగడ కట్టేలోపే తాగేశాడు.